జంతర్ మంతర్‌లో నీడ 35 నిమిషాలు వెనకబడి ఉందేంటి?

ప్రశ్న:
ఫిబ్రవరి రెండో వారంలో పని మీద ఢిల్లీ వెళ్లి, రైలుకు చాలా టైముందని జంతర్ మంతర్ తోటలోకి వెళ్లాను. అక్కడి పెద్ద నీడ గడియారం, సామ్రాట్ యంత్రం దగ్గరే ఉండిపోయాను. మధ్యలో ఉన్న ఏటవాలు గోడ నీడ పొద్దున పడమటి వంపు మీద పడుతుందని, మధ్యాహ్నం దాటాక తూర్పు వంపు మీదికి మారుతుందని తెలుసు కాబట్టి, అది మారేటప్పుడు చూద్దామని పన్నెండింటికి వెళ్లి నిలబడ్డా. పన్నెండుంపావు అయింది, నీడ ఇంకా పడమటి వైపే. ఫోన్‌లో 12:35 అయ్యాక గానీ ఇటు రాలేదు. గీతలు చెరిగిపోయాయంటే సరే, గోడే ఒరిగిపోయిందా? చాలా బాధేసింది.

జవాబు 1:
ఒరగలేదండీ. మీరు చూసింది ఢిల్లీ అసలు మధ్యాహ్నం. మన వాచీల్లో ఉండేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం టైము, ఢిల్లీ ఉన్నదేమో 77.2 దగ్గర, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 21 నిమిషాలు అక్కడే పోయాయి. మిగతా 14 నిమిషాలు ఫిబ్రవరి వల్ల. భూమి సూర్యుడి చుట్టూ ఏడాదంతా ఒకే వేగంతో తిరగదు, పైగా దాని అక్షం వంగి ఉంది, అందుకే సూర్యుడు ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు ఆలస్యంగా, నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందుగా నడిమింటికొస్తాడు. 21, 14 కలిపితే మీ 35. సవాయి జైసింగ్ 1724లో దాన్ని కట్టించేనాటికి ఈ దేశమంతటికీ ఒకే టైము అన్న మాటే లేదు. అది ఆ ఊరి పొద్దు చెప్పడానికి కట్టింది, ఇవాళ్టికీ అదే చెబుతోంది.

జవాబు 2:
మాది తుని దగ్గర. అన్నవరం కొండ మీద సత్యనారాయణస్వామి గుడి దగ్గర 1943లో పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రి గారు కట్టిన నీడ గడియారం ఉంది, దర్శనం హడావుడిలో చాలామంది దాటి వెళ్లిపోతారు. ఆ 82.5 డిగ్రీల గీత మా కాకినాడ పక్కనుంచే పోతుంది! అందుకని అన్నవరంలో ఊరి తేడా అర నిమిషం కూడా ఉండదు, పై సార్ చెప్పిన నెలల తేడా ఒక్కటే చూసుకోవాలి. ఏప్రిల్ మధ్యలో, సెప్టెంబరు మొదట్లో అయితే అదీ ఉండదు, నీడా వాచీ ఒకటే.

జవాబు 3:
జైపూర్‌లో ఇలాంటిదే 27 మీటర్ల ఎత్తుది ఉంది, దాని నీడ సెకనుకు దాదాపు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. వంపు పక్కన కూర్చుని చూస్తే పాలరాయి మీద నీడ పాకడం కళ్లకు కనబడుతుంది. కాకపోతే అంచు మసకగా ఉంటుంది, సూర్యుడు చుక్కలా కాక బిళ్లలా ఉన్నాడు కదా. సన్నటి పుల్ల అడ్డం పెట్టి చూస్తే కొంచెం తేలుతుంది.

అడిగినవారు:
అందరికీ చాలా థ్యాంక్స్. గోడ బాగానే ఉందంటే ప్రాణం లేచొచ్చింది. సెప్టెంబరు మొదటి వారంలో అమ్మను వ్రతానికి అన్నవరం తీసుకెళ్లాలి, పన్నెండింటికి ముందే ఆ గడియారం దగ్గరుంటా.