దానియేలు, హనోకు దర్శనాలకు మూలం ఎక్కడ? ప్రవక్తలా, పారశీకులా?

తాళపత్రం:
మొన్న వేరే చర్చలో ఒకాయన "చివరి తీర్పు, చనిపోయినవాళ్లు లేవడం, దేవదూతల సైన్యాలు, ఇవన్నీ యూదులు పారశీకుల దగ్గర అరువు తెచ్చుకున్నవే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అక్కడ విషయం పక్కదారి పట్టింది కాబట్టి ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నాను.

నేను చెప్పేదేమిటంటే, ప్రవక్తలు మాట్లాడేవాళ్లు, దానియేలు, హనోకు గ్రంథాల్లాంటి యుగాంత దర్శనాలు రాసినవాళ్లు చదివేవాళ్లు. మూలం ఏ దేశంలో ఉందని వెతికే ముందు ఈ తేడా చూడాలి.

ఆమోసు ప్రవక్తను తీసుకోండి. క్రీ.పూ. 8వ శతాబ్దం మధ్యలో యూదా నుంచి వచ్చి బేతేలు గుడి దగ్గర నిలబడి రాజు మీదే మాట్లాడాడు. అక్కడి యాజకుడు అమజ్యా "పో, నీ దేశం పోయి అక్కడ చెప్పుకుని బతుకు" అన్నాడు. "నేను ప్రవక్తనీ కాదు, ప్రవక్త కొడుకునీ కాదు, పసుల కాపరిని, మేడిపండ్లు ఏరుకునేవాడిని" అని ఈయన జవాబు. అంతా నోటి మాటే, ఎదురెదురుగా.

ఇప్పుడు దానియేలు 9వ అధ్యాయం చూడండి. ఆయన ఏ గుడి ముందూ నిలబడలేదు, ఏ రాజునూ తిట్టలేదు. గ్రంథాలు చదువుకుంటున్నాడు. యిర్మీయా చెప్పిన 70 ఏళ్ల లెక్క ఆయనకు అర్థం కావడం లేదు. గబ్రియేలు దూత వచ్చి అవి 70 వారాలని చెబుతాడు. వారం అంటే ఏడేళ్లు అనుకుంటే 490 ఏళ్లు. అంటే పాత ప్రవచనానికి కొత్త లెక్క కట్టడమే ఇక్కడ దర్శనం. ఆమోసుకు ఈ పని అవసరమే లేదు, ఆయన చేతిలో ఏ గ్రంథపు చుట్టా లేదు.

ఈ రెంటికీ మధ్యలో యిర్మీయా 36 ఉంది. యెహోయాకీము రాజు ఏలుబడి ఐదో ఏట, తొమ్మిదో నెల. రాజు చలికాలపు ఇంట్లో కూర్చున్నాడు, ముందు కుంపటి మండుతోంది. యిర్మీయా చెప్పగా బారూకు రాసిన చుట్టను యెహూది అనే ఉద్యోగి చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు కాగానే రాజు లేఖికుడి చాకు తీసుకుని ఆ ముక్క కోసి నిప్పుల్లో వేస్తున్నాడు. చుట్ట మొత్తం అలాగే కాలిపోయింది. తర్వాత యిర్మీయా ఇంకో చుట్ట రాయించాడు, "అలాంటి మాటలు ఇంకా అనేకం" అందులో చేరాయని ఆ అధ్యాయమే ఒప్పుకుంటుంది. నా దృష్టిలో మలుపు ఇదే. మాట చుట్టలోకి ఎక్కింది, చుట్ట పెరగడం మొదలైంది. గ్రీకు అనువాదంలోని యిర్మీయా హీబ్రూ పాఠం కంటే దాదాపు ఎనిమిదో వంతు చిన్నది. మృత సముద్రం పక్కనున్న కుమ్రాన్ గుహల్లో ఆ పొట్టి పాఠానికి దగ్గరగా ఉన్న హీబ్రూ ముక్క కూడా దొరికింది. పెంచుతూ వచ్చింది లేఖికులే.

పడమటిగాలి:
చక్కగా రాశారు కానీ అసలు ప్రశ్నను తప్పించుకున్నారు. చదివేవాళ్లే రాశారు, సరే. వాళ్ల బుర్రలో ఉన్న సరుకు ఎక్కడిది? క్రీ.పూ. 539లో పారశీక రాజు కోరెషు బబులోనును పట్టుకున్న దగ్గర్నుంచి అలెగ్జాండర్ వచ్చేదాకా, దాదాపు 200 ఏళ్లు, యూదులు పారశీకుల ఏలుబడిలో ఉన్నారు. దానికి ముందు రాసిన హీబ్రూ రచనల్లో చచ్చినవాళ్లంతా పాతాళంలో నీడల్లా పడి ఉంటారు. మంచివాడికీ చెడ్డవాడికీ ఒకటే గతి. దాని తర్వాత చూస్తే లేవడం, తీర్పు, లోకం మొత్తం కొత్తగా మారడం. పారశీకుల జరతుష్ట్ర మతంలో ఇవన్నీ నడుమ స్తంభాల్లాంటివి. ఇది కాకతాళీయం అంటే నేను నమ్మను.

దానియేలు 2లో బబులోను రాజు నెబుకద్నెజరు కలగన్న ప్రతిమ చూడండి. బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి నడుము, ఇనుప కాళ్లు, మట్టి కలిసిన పాదాలు. పారశీకుల యుగాంత గ్రంథం బహ్మన్ యష్త్‌లో నాలుగు కొమ్మల చెట్టు ఉంటుంది: బంగారం, వెండి, ఉక్కు, చివరిది కల్తీ ఇనుము. ఒక్కో కొమ్మ ఒక్కో యుగం. ఇంకేం కావాలి?

తాళపత్రం:
తేదీ కావాలండి. ఆ యష్త్ మనకు దొరికిన పహ్లవీ (మధ్య పారశీక భాష) రూపం ఇరాన్‌ను అరబ్బులు గెలిచిన తర్వాతిది. దానియేలు కంటే దాదాపు వెయ్యేళ్లు తర్వాతది. లోహాల యుగాలంటారా, గ్రీకు కవి హెసియడ్ క్రీ.పూ. 700 ప్రాంతంలోనే చెప్పాడు. అప్పుడు అప్పు గ్రీకుల ఖాతాలో రాయాలి కదా.

పడమటిగాలి:
రాతప్రతి ఆలస్యమైతే భావం కూడా ఆలస్యమేనా? జరతుష్ట్ర పాటలైన గాథలు ఎన్ని వందల ఏళ్లు నోటితో నిలిచాయో మీకు తెలియనిది కాదు. పోనీ, బయటి సాక్ష్యమే చెబుతాను. గ్రీకు రచయిత ప్లూటార్క్ తన ఐసిస్, ఒసిరిస్ వ్యాసంలో క్రీ.పూ. 4వ శతాబ్దపు చరిత్రకారుడు థియోపాంపస్‌ను ఉటంకిస్తాడు. హోరోమజేస్, అరైమానియోస్ (పారశీకుల అహురమజ్దా, అంగ్రమైన్యు) అనే ఇద్దరు దేవుళ్లు మూడు వేల ఏళ్ల చొప్పున వంతులేసుకుని పోట్లాడతారని, చివరికి పాతాళం ఓడిపోతుందని, మనుషులు సుఖంగా ఉంటారని. ఇది దానియేలు కంటే ముందు నాటి మాట, అదీ ఒక గ్రీకువాడు విన్నది.

తాళపత్రం:
ఇది మంచి సాక్ష్యమే. బహ్మన్ యష్త్‌ను పక్కన పెట్టి దీని మీదే నిలబడండి.

బెరయవాసి:
సోదరులందరికీ వందనాలు. మీరందరూ దానియేలు గ్రంథం బబులోను చెర కాలంలో కాక క్రీ.పూ. రెండో శతాబ్దంలో ఆలస్యంగా రాసిందని ముందే తీర్మానించుకుని మాట్లాడుతున్నారు. ప్రభువు మత్తయి 24:15లో "ప్రవక్తయైన దానియేలు" అన్నారు. విశ్వాసం పక్కన పెట్టండి, చరిత్రే చూద్దాం. 5వ అధ్యాయంలోని బెల్షస్సరు పేరు గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్‌కు తెలియదు. 19వ శతాబ్దంలో బబులోను పలకలు బయటపడ్డాకే బబులోను చివరి రాజు నబొనైదు కొడుకుగా బెల్షస్సరు నిజంగా ఉన్నాడని, తండ్రి దూరంగా ఉన్న కాలంలో పాలన చూశాడని లోకానికి తెలిసింది. ఆ రెండో శతాబ్దంలో యెరూషలేములో కూర్చున్నవాడికి ఈ సంగతి ఎలా తెలిసింది?

కంచుగంట:
బ్రదర్, బెల్షస్సరు పాయింటు బలమైనదే. కాకపోతే అది 1 నుంచి 6 అధ్యాయాల కథలు పాతవని చూపిస్తుంది, అంతవరకే. ఆ కథలు బబులోను యూదుల్లో తిరిగినవని చాలామంది పండితులూ అంటారు. కుమ్రాన్‌లో దొరికిన అరామిక్ ముక్క ఒకదాంట్లో నబొనైదు రాజు అరేబియాలోని తేమాలో ఏడేళ్లు రోగంతో ఉన్నాడని, ఒక యూదుడు అతనికి బుద్ధి చెప్పాడని ఉంది. దానియేలు 4లో నెబుకద్నెజరు ఏడు కాలాలు గడ్డి మేసిన కథకు ఇది పాత రూపం కావచ్చు.

గొడవంతా 7 నుంచి 12 అధ్యాయాలతోనే. 11వ అధ్యాయం చదువుతుంటే ఐగుప్తును ఏలిన టాలెమీలు, సిరియాను ఏలిన సెల్యూకిడ్ల పెళ్లిళ్లు, యుద్ధాలు వరసపెట్టి వస్తాయి, పేర్లు మాత్రమే ఉండవు. 11:30లో "కిత్తీయుల ఓడలు", అంటే రోమన్ల ఓడలు వస్తాయి. అది క్రీ.పూ. 168. సెల్యూకిడ్ రాజు నాలుగో అంతియొకస్ ఐగుప్తును మింగబోతుంటే రోమన్ దూత పోపిలియస్ అలెగ్జాండ్రియా శివార్లలో ఎదురొచ్చాడు. చేతికర్రతో రాజు చుట్టూ ఇసుకలో గీత గీసి, ఈ గీత దాటేలోపు జవాబు చెప్పమన్నాడు. రాజు తోక ముడిచాడు. మరుసటి ఏడు యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేశాడు. ఇంతవరకు గ్రంథం గురి తప్పదు. 11:45కి వచ్చేసరికి, ఆ రాజు సముద్రానికీ పవిత్ర పర్వతానికీ మధ్య డేరా వేసుకుని అక్కడ అంతమవుతాడని ఉంది. అతను క్రీ.పూ. 164లో పారశీక దేశం వైపు చనిపోయాడు. లెక్క ఎక్కడ తప్పిందో అక్కడే రచయిత కూర్చుని ఉన్నాడు. ఇది ఈనాటి నాస్తికులు కనిపెట్టింది కాదు, క్రీ.శ. 3వ శతాబ్దంలోనే గ్రీకు తత్వవేత్త పోర్ఫిరీ అన్నాడు. క్రైస్తవ పండితుడు జెరోము తన వ్యాఖ్యానంలో జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

బెరయవాసి:
11:40 దగ్గర కాలం మారుతుంది, అక్కడి నుంచి అంత్యదినాల రాజు గురించి. జెరోము కూడా ఇదంతా అంతియొకస్‌తో ఆగిపోదనే అన్నాడు. దేవుడు ముందే చెప్పలేడని మొదటే అనుకుంటే ఎవరైనా మీ తీర్పుకే వస్తారు.

కంచుగంట:
అదే రాజు, అదే వాక్యప్రవాహం, మధ్యలో రెండు వేల ఏళ్లు దూకిందంటే పాఠంలో ఏదో గుర్తు ఉండాలి కదా బ్రదర్. ఇంకో సంగతి. హీబ్రూ బైబిల్లో దానియేలు ప్రవక్తల భాగంలో లేదు, కీర్తనలు, యోబు ఉన్న చివరి భాగంలో ఉంది. మన తెలుగు బైబిల్లో యెహెజ్కేలు తర్వాత పెట్టడం గ్రీకు వరసను బట్టి వచ్చింది.

కొత్తచదువు:
మన కాలజ్ఞానం కూడా ఇలాంటిదేనా? జరిగాక చేర్చారని అంటారు కదా.

తాళపత్రం:
పోల్చదగ్గదే, కానీ దాని రాతప్రతుల చరిత్ర పెద్ద విషయం. వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తాను. ఇక్కడ కలిపితే రెండూ చెడతాయి.

చుక్కలలెక్క:
మీరందరూ దానియేలు దగ్గరే కూర్చున్నారు. వరసలో ముందుంది ఆదికాండంలోని హనోకు పేరు మీద ఉన్న గ్రంథం. కుమ్రాన్ నాలుగో గుహలో దొరికిన అరామిక్ ముక్కలను పండితుడు మిలిక్ 1976లో ప్రచురించాక లెక్కలన్నీ మారిపోయాయి. హనోకు గ్రంథంలోని ఖగోళ భాగం ప్రతి ఒకటి క్రీ.పూ. 200 చుట్టుపక్కలది. అంటే రచన అంతకంటే పాతది, అంతియొకస్ యూదులను పెట్టిన హింసకు సంబంధం లేనిది. అందులో ఏముంది? 364 రోజుల సంవత్సరం, సూర్యుడు రాకపోకలు సాగించే ద్వారాలు, చంద్రకళల లెక్కలు. ఇది బబులోను ఖగోళవిద్య వాసన. హనోకు ఆదాము నుంచి ఏడోవాడు, ఆయుష్షు 365 ఏళ్లు. బబులోను జాబితాల్లో ఏడో రాజు సిప్పారుకు చెందిన ఎన్మెదురంకి. సిప్పారు సూర్యదేవుడి ఊరు, దేవతలు అతన్ని తమ సభకు పిలిచి శకునవిద్య నేర్పారు. తాళపత్రం గారూ, మీ "ప్రవక్తల చుట్ట చదివినవాడు" ఇక్కడ ఎక్కడ? ఇది యిర్మీయా కాదు, నక్షత్రాల పంతులు.

తాళపత్రం:
అడగాల్సిన ప్రశ్న అడిగారు. ఖగోళ భాగం వరకు మీరన్నదే నిజం, అక్కడ ప్రవక్త లేడు. కానీ హనోకు గ్రంథంలోనే కావలివారు అనే దేవదూతల భాగం మొదటి అధ్యాయం తీసి చూడండి. "కళ్లు తెరవబడినవాడు, పరలోకపు దర్శనం చూసినవాడు" అనే ఆ ప్రారంభం సంఖ్యాకాండం 24లో బిలాము పలికిన మాటల అచ్చు. దేవుడు సీనాయి మీదికి దిగివచ్చే చోట ద్వితీయోపదేశకాండం 33 వినిపిస్తుంది. రాసినవాడి చేతిలో చుట్టలున్నాయి. పైగా అదే భాగంలో హనోకును పిలిచేది "నీతి లేఖికుడు" అనే. రాజు కాదు, ప్రవక్త కాదు, లేఖికుడు. బిలాము సంగతి వచ్చింది కాబట్టి, 1967లో జోర్డాన్‌లోని దేర్ అల్లాలో గోడ సున్నం మీద సిరాతో రాసిన "బెయోరు కొడుకు బిలాము, దేవతల దర్శి" అనే పాఠం దొరికింది. క్రీ.పూ. 800 ప్రాంతానిది. దర్శనాలను రాసి పెట్టడం ఇశ్రాయేలీయుల సొత్తేమీ కాదు.

సుధ_కె:
సరుకు గురించే అందరూ మాట్లాడుతున్నారు, మనుషుల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. పండితుడు పాల్ హాన్సన్ 1975లో చెప్పింది ఇదే: బబులోను చెర నుంచి తిరిగొచ్చాక ఆలయం ఒక వర్గం చేతిలో పడింది, తోసివేతకు గురైన వర్గం ఈ లోకంలో న్యాయం దొరకదని ఆశను ఆకాశానికి ఎత్తింది. యెషయా చివరి అధ్యాయాల్లో ఆ కోపం కనిపిస్తుంది. అణగారినవాళ్ల సాహిత్యం ఇది.

కంచుగంట:
వినడానికి బాగుంటుంది. మరి జెకర్యా? క్రీ.పూ. 520 ప్రాంతంలో రాత్రి దర్శనాలు, అర్థం చెప్పే దూత, నాలుగు కొమ్ములు, అంటే ఈ సాహిత్యపు అచ్చులన్నీ ఆయన దగ్గరున్నాయి. ఆయనేమో ఆలయం కట్టండి కట్టండి అని వెంటపడినవాడు, ప్రధాన యాజకుడి పక్షం. పండితుడు స్టీఫెన్ కుక్ 1995లో ఇదే పట్టుకున్నాడు. అధికారం పక్కన కూర్చున్నవాడికీ లోకాంతం కనిపించవచ్చు.

సుధ_కె:
జెకర్యాకు వర్తించకపోతే పోనీ, దానియేలుకు వర్తిస్తుంది కదా? 11:33లో బుద్ధిమంతులు అనేకులకు బోధిస్తారని, కత్తికీ మంటకీ బలవుతారని ఉంది. ఆ బుద్ధిమంతులే ఈ పుస్తకం రాసి ఉంటారు. చదువుకున్నవాళ్లే, కానీ చంపబడుతున్నవాళ్లు.

తాళపత్రం:
ఈ మాటతో నాకు పేచీ లేదు. నేనన్న చదువరులు వీళ్లే.

పడమటిగాలి:
మళ్లీ నా దగ్గరికే వస్తున్నాను. దానియేలు 12:2, "నేల దుమ్ములో నిద్రించేవాళ్లలో అనేకులు మేలుకుంటారు, కొందరు నిత్యజీవానికి, కొందరు నిందకు, నిత్య హేయానికి." హీబ్రూ బైబిల్ మొత్తంలో ఇంత స్పష్టంగా ఇంకెక్కడా లేదు. పాత చుట్టలు ఎన్నిసార్లు తిరగేస్తే ఇది వస్తుంది?

తాళపత్రం:
యెషయా తిరగేస్తే వస్తుంది. 12:2లో "హేయం" అన్న చోట ఉన్న హీబ్రూ మాట బైబిల్ మొత్తంలో ఇంకొక్కచోటే ఉంది, యెషయా 66:24లో. "మేలుకోవడం", "దుమ్ము" యెషయా 26:19లో ఉన్నాయి. తర్వాతి వచనంలో అనేకులను నీతిమంతులుగా చేసేవాళ్లంటే యెషయా 53లోని సేవకుడి మాటే. రెండు వచనాల్లో మూడు చోట్ల యెషయా. రాసినవాడు ఎదుట ఆ చుట్ట పెట్టుకున్నాడు.

పడమటిగాలి:
మాటలు యెషయావే, కాదనను. కానీ 66:24లో ఉన్నవి శవాలు. పురుగు చావదు, మంట ఆరదు, జనం బయటికొచ్చి ఆ శవాలను చూస్తారు. అవి లేవవు. దానియేలులో చెడ్డవాళ్లు కూడా లేస్తారు, శిక్ష అనుభవించడానికి లేస్తారు. 26:19లో లేచేది దేవుడి జనమే. మరి దుర్మార్గుణ్ణి కూడా లేపి తీర్పు ముందు నిలబెట్టాలన్న ఆలోచన ఏ చుట్టలో ఉందో చూపించండి. అప్పటిదాకా నా అప్పు కాగితం చించను.