జపాన్‌లో అఓగషిమా దీవికి వెళ్ళొచ్చినోళ్ళు ఉన్నారా? ఊళ్ళోవాళ్ళు కలుపుగోలుగా ఉంటారా?

నిషికసాయి_నాని: పేరుకి టోక్యోనే గానీ 358 కిలోమీటర్లు దక్షిణాన సముద్రం మధ్యలో ఉంది, జనం రెండొందలు కూడా లేరు. గోల్డెన్ వీక్ (ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే వరస సెలవులు)కి వెళ్దామని. నా జపనీస్ అంతంతమాత్రం, పైగా వెజ్. ఓడ నమ్మొచ్చా?

గోదారిపిల్ల: ఓడ మాటెత్తకు బాబూ!! ఓడ ఎక్కే పక్క దీవి హచిజోజిమాలో పడిగాపులు కాశాం, అలలు లేస్తే కేన్సిలే. హెలికాప్టర్‌కి తొమ్మిదే సీట్లు, నెల ముందు బుకింగ్ తెరవగానే ఎగరేసుకుపోతారు

బెజవాడ_బుల్లోడు: మనుషులు మాత్రం బంగారం. ఎండలో నడుస్తుంటే ముసలాయన ట్రక్కు ఆపి ఎక్కమన్నాడు. హింగ్యా (నేలలోంచి వేడి ఆవిరి తన్నుకొచ్చే కంతలు) ఆవిరి పొయ్యిల దగ్గర ఒక మామ్మగారు వాల్వు ఎలా తిప్పాలో చూపించి, తన చిలగడదుంప సగం విరిచి, అక్కడి ఉప్పే చల్లి చేతిలో పెట్టింది, పొయ్యి కూడా ఫ్రీయే

రావుగారు_ఒసాకా: లిఫ్ట్ ఇస్తే బంగారమా? జపాన్‌లోనే నా తల నెరిసింది, పల్లెల్లో ఎక్కడైనా ఇస్తారు. ముందు బస బుక్ చేసుకోకుండా దిగి చూడండి, తెలుస్తుంది మర్యాద.

బెజవాడ_బుల్లోడు: మీరు అఓగషిమా వెళ్ళారా అసలు?

రావుగారు_ఒసాకా: హచిజోజిమా వెళ్ళాను. రెండూ ఒకటే.

గోదారిపిల్ల: ఒకటేనా 😂 1785లో అఓగషిమా అగ్నిపర్వతం పేలి వంద మందికి పైగా పోయారు, మిగిలినోళ్ళు హచిజోజిమాకి పారిపోయి యాభై ఏళ్ళకి గానీ సొంతూరు చేరలేదు. ఈ మాట వాళ్ళ ముందు అనండి చూద్దాం

శాకాహారి_శారద: వెజ్ అన్నావుగా నానీ, నేను పులిహోర, పచ్చడి మోసుకెళ్ళా. మిన్‌షుకు (ఇంట్లోనే బస ఇచ్చే చోటు) ఆవిడ ఆవాల ముద్ద పెట్టిన షిమాజుషి, అంటే చేప సుషీ, తెచ్చింది, చేప వద్దన్నానని మొహం చిన్నబుచ్చుకుంది, కాసేపటికి అషితబా ఆకు టెంపురా (మన బజ్జీ లాంటిది) వేయించి పట్టుకొచ్చింది

తాటికాయ: వాళ్ళ ఇంటికెళ్ళి పులిహోర విప్పుతారా, సిగ్గుండాలి

శాకాహారి_శారద: నా తిండి నా ఇష్టం. బుకింగ్‌లోనే వెజ్ అని రాశా, దొంగచాటుగా ఏం తినలేదు. మీరెవరండీ చెప్పడానికి?

రావుగారు_ఒసాకా: ఆ టెంపురా ముంచుకునే పులుసులోనూ దాషీ, అంటే చేప ఉడికించిన రసం, ఉంటుందమ్మా.

శాకాహారి_శారద: ఉప్పుతో తిన్నానండీ!!

బెజవాడ_బుల్లోడు: అఓచూ గురించి ఎవరూ ఎత్తరేం? చిలగడదుంపతో కాచే షోచూ, అక్కడి సారా, ఒక్కో ఇంటిది ఒక్కో రుచి. పక్క టేబుల్ వాళ్ళు పోస్తూనే ఉన్నారు, గ్లాసు ఖాళీ కానిస్తేగా

నిషికసాయి_నాని: గోదారిపిల్ల గారూ, ఓడ కేన్సిలైతే హచిజోజిమాలో అప్పటికప్పుడు రూం దొరికిందా?

తాటికాయ: పులిహోర అడగరా, అందరికీ పెడుతుంది