మేడ మీద మ్యూజిక్ వీడియోల రాత్రి, ఏవి పెట్టమంటారు?

మాది కూకట్‌పల్లి. దసరా సెలవుల్లో పిన్నివాళ్ళు, మామయ్యవాళ్ళు అందరూ వస్తున్నారు, మేడ మీద ప్రొజెక్టర్ పెట్టి మ్యూజిక్ వీడియోలు చూద్దామని ప్లాన్. సినిమా పాటలు వద్దు, పాట కోసమే విడిగా తీసినవి కావాలి.

నా లిస్టులో ముందున్నది 1985 నాటి ఆ-హా బృందం 'టేక్ ఆన్ మీ'. మనుషులతో తీసిన ఫిల్మ్ మీద ఒక్కో ఫ్రేమూ పెన్సిల్‌తో గీసి బొమ్మలుగా మార్చారు, కంప్యూటర్ పనితనం కాదు అది, చేతిపని, ఇప్పటికీ కళ్ళు తిప్పుకోలేను. తర్వాత మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్', దాదాపు 14 నిమిషాలు, పిల్లలు భయపడతారేమో అన్నదొక్కటే టెన్షన్. 2006లో ఓకే గో బ్యాండ్ వాళ్ళు ట్రెడ్‌మిల్స్ మీద కట్ లేకుండా చేసిన డాన్స్ మాత్రం అందరికీ నచ్చుతుంది. మన దగ్గరివి అలీషా చినాయ్ 'మేడ్ ఇన్ ఇండియా', లక్కీ అలీ ఈజిప్టులో తీసిన 'ఓ సనమ్'. పిన్నికి ఈ రెండూ ప్రాణం.

ఇబ్బందల్లా తెలుగుతోనే. పొలం గట్ల మీద, ఊరి వీధుల్లో తీస్తున్న తెలంగాణ జానపద వీడియోలు నాకు చాలా ఇష్టం, కానీ యూట్యూబ్‌లో అన్ని ఉంటే ఏది ఏరుకోవాలో తెలియట్లేదు. కెమెరా పని, డాన్స్ రెండూ బాగున్నవి చెప్పండి. తెలుగు ర్యాప్‌లో బామ్మ ముందు పెట్టగలిగేవి ఉన్నాయా? 90లలో వచ్చిన తెలుగు ప్రైవేట్ ఆల్బమ్ వీడియోలు ఎవరికైనా గుర్తుంటే పేర్లు రాయండి, లింకులు నేను వెతుక్కుంటాను.