హుక్‌కు ‘గాలం’ వద్దు, ‘ఎత్తుగడ’ ఉంది

రీల్ మొదట్లోనే చూసేవాళ్లను ఆపే మాటనో దృశ్యాన్నో వాటిని తీసేవాళ్లు ‘హుక్’ అంటారు. దాన్ని తెలుగులో ‘గాలం’ అనొచ్చని మొన్న ఇక్కడ ఒకరు రాశారు. నాకు మనసొప్పలేదు.

మా తమ్ముడి కూతురు నెల్లూరు మూలాపేటలో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. బేరమంతా ఇన్‌స్టాగ్రామ్‌లోనే. పోయిన ఆదివారం రీల్ తీస్తుంటే పక్కనే కూర్చున్నాను. ముందు “నమస్కారమండీ, మా ఇంటి పచ్చళ్లు...” అని మొదలుపెట్టి ఆపేసింది. “ఇందులో హుక్ లేదు పెదనాయనా. మూడు సెకన్లలో ఆగకపోతే జనం పైకి తోసేస్తారు” అంది. రెండోసారి జాడీకి కట్టిన గుడ్డ విప్పుతూ, “ఆవకాయ పెట్టిన మూడో రోజు మూత ఎందుకు తీస్తామో తెలుసా?” అని అడిగింది. ఏళ్ల తరబడి ఆవకాయ తింటున్న నాకే మిగతాది వినాలనిపించింది.

ఇది గాలమెట్లా అవుతుంది? మైపాడులో గాలమేసే వాళ్లను చూసినవాళ్లకు తెలుసు, ఎర మింగిన చేప మళ్లీ నీళ్లలోకి పోదు. ‘ఫలానా పార్టీ ఆయనకు గాలం వేసింది’ అంటే మనకు వినపడేది వల్లో వేసుకోవడమే. ఇంగ్లీషు హుక్ కూడా గాలమే కదా అంటే, నిజమే. కానీ వాళ్లు పాటలో చెవికి తగులుకునే ముక్కను కూడా హుక్ అంటారు. మన గాలానికి ఆ అర్థం లేదు.

‘ఎత్తుగడ’ చూడండి. పద్యం ఎత్తుగడ బాగుందంటాం, అది మొదలు. ఎన్నికల్లో ఎత్తుగడ అంటాం, అది ఉపాయం. మొదట్లోనే చేసే ఉపాయానికి రెండూ కలిసొచ్చిన మాట ఇంట్లోనే ఉంది.

2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించారు. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశానికి వచ్చింది. అప్పుడు ఒక్కో రీల్ 15 సెకన్లే, ఇక పీఠికకు చోటెక్కడిది? 2024 అక్టోబరు నుంచి యూట్యూబ్ షార్ట్స్ మూడు నిమిషాల దాకా పెట్టుకోవచ్చు. అయినా వేలు ఆగేది ఎత్తుగడ దగ్గరే.

వైరల్, రీచ్, ట్రెండింగ్ జోలికి పోనక్కర్లేదు. ‘రీచ్ పడిపోయింది’, ‘వైరల్ అయింది’ అని మన క్రియలు తగిలించుకుని అవి ఎప్పుడో తెలుగైపోయాయి.

మిగిలింది సీటీఏ, అంటే ‘కాల్ టు యాక్షన్’. వీడియో చివర ‘ఆర్డర్ పెట్టండి’ అని చెప్పే మాట. బంద్‌కు పిలుపునిచ్చినట్టు ‘పిలుపు’ అనొచ్చేమో గానీ, పచ్చడి దగ్గర అది మరీ గంభీరంగా ఉంది. పెద్దబజారులో కూరగాయలమ్మే ఆమె ధర చెప్పాక ‘కొనండి’ అనదు. తక్కెడ చేతిలోకి తీసుకుని “ఎంత వెయ్యమంటావు నాయనా?” అంటుంది. ఆ సంగతే మా పిల్లకు చెప్పాను. ఆ రీల్ చివర్లో ‘లింక్ బయోలో ఉంది’ తీసేసి, జాడీలో గరిటె పెట్టి “మీకెంత పెట్టమంటారు?” అని అడిగింది. దీనికి మీ వైపు ఏదైనా మాట ఉంటే రాయండి.