ఒమాహా హై-లో: అందరికన్నా మంచి లో ఉన్నా పావు వాటాయేనా?

సాగర్‌నగర్ వాసి (ప్రశ్న):
సభ్యులకు నమస్కారం. ఆదివారాల్లో మేము కొందరు మిత్రులం విశాఖ సాగర్‌నగర్‌లో ఒకరి ఇంటి మేడమీద చేరి, డబ్బుకు బదులు చింతపిక్కలు పెట్టుకొని టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్ ఆడుకుంటూ ఉంటాము. ఇటీవల పాట్‌ను, అంటే అందరూ పెట్టిన పందెం మొత్తాన్ని, హైకీ (అన్నిటికన్నా పెద్ద చేతికీ) లోకీ (అన్నిటికన్నా చిన్న చేతికీ) చెరిసగం పంచే ఒమాహా హై-లో మొదలుపెట్టాము గానీ, పంపకం దగ్గరకు వచ్చేసరికి తగవు తప్పడం లేదు. మొన్నటి ఆటలో బల్లమీద అందరికీ ఉమ్మడిగా 3, 6, 8, జాకీ, రాజు ఉన్నాయి. ఏ రంగులోనూ మూడు ముక్కలు పడలేదు. నా చేతిలో ఆసు, 2, 9, రాణి ఉన్నాయి. ముగ్గురం తలా 28 పిక్కలు పెట్టగా పాట్‌లో 84 చేరాయి. నా లోను మించిన లో ఎవరి దగ్గరా లేదు కనుక సగం, అంటే 42, నాకు రావాలని నేను వాదించాను. అయితే ఒక మిత్రుడు తన చేతిలోని ఆసు, 2 చూపించి లోలో సగం తీసుకొని, అదే చేతిలోని రాజు, జాకీ చూపించి హై మొత్తం తీసుకున్నారు. నాకు 21 మిగిలాయి. ఒకే ఆటగాడు రెండు వైపులకూ వేర్వేరు ముక్కలు వాడవచ్చునా? బల్లమీద నాలుగు ఆఠీన్లు పడినప్పుడు చేతిలో ఒక్క ఆఠీను ఆసు ఉంటే ఫ్లష్ (అయిదూ ఒకే రంగు ముక్కలు) అవుతుందా అన్నది మరొక సందేహం.

పేక పాతకాపు:
మీ మిత్రుల పంపకం సరైనదే. 84లో హై వాటా 42. లో వాటా 42ను సమానమైన లో ఉన్న మీ ఇద్దరూ పంచుకోవాలి కనుక ఆయనకు 63, మీకు 21 వస్తాయి. ఇలా పావు వాటాకు పడిపోవడం ఈ ఆటలో తరచుగా జరిగేదే. అందరికన్నా మంచి లో పట్టుకొని కూడా మీరు పెట్టిన 28లో 7 పోగొట్టుకున్నారు.

ఒమాహాలో ప్రతివారికీ నాలుగు ముక్కలు పంచుతారు, బల్లమీద అయిదు తెరుస్తారు. చేతిలోనివి కచ్చితంగా రెండు, బల్లమీదివి కచ్చితంగా మూడు కలిపి అయిదు ముక్కల చేయి కట్టాలి. ఒకటీ నాలుగూ కలపడం చెల్లదు. అందువల్ల ఒక్క ఆఠీను ఆసుతో ఫ్లష్ కాదు. హోల్డెమ్ నుంచి వచ్చినవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. కానీ హైకి ఒక జత, లోకి మరొక జత వాడుకోవచ్చు, లేదా రెండింటికీ అదే జత వాడుకోవచ్చు. చేతిలో నాలుగు ముక్కలుంటే ఆరు జతలు ఏర్పడతాయి కనుక, ఆరింటినీ రెండు వైపులా చూసుకున్న తరువాతే ముక్కలు కింద పెట్టడం మంచిది.

లో చెల్లాలంటే అయిదు ముక్కలూ 8 గానీ అంతకు తక్కువ గానీ అయి, ఏ రెండూ ఒకే అంకె కాకుండా ఉండాలి. ఆసు లోలో అన్నిటికన్నా చిన్నది, హైలో అన్నిటికన్నా పెద్దది కూడా కాగలదు. స్ట్రెయిట్ (వరుసగా వచ్చే అయిదు ముక్కలు), ఫ్లష్ లోకు అడ్డు కావు కాబట్టి ఆసు, 2, 3, 4, 5 అన్నిటికన్నా మంచి లో అవుతుంది, హైలోనూ స్ట్రెయిట్‌గా పనిచేస్తుంది. రెండు లోలను పోల్చేటప్పుడు పెద్ద ముక్క నుంచి కిందికి రావాలి: 7, 6, 5, 4, 3 అన్నది 8, 4, 3, 2, ఆసును ఓడిస్తుంది. బల్లమీద 8కి మించని వేర్వేరు ముక్కలు మూడైనా లేకపోతే ఎవరికీ లో ఉండదు, పాట్ అంతా హైకే పోతుంది. పాట్ బేసి సంఖ్య అయితే మిగిలిన ఒక్క పిక్కను హైకి ఇవ్వడం వాడుక.

ఎంవీపీ కాలనీ నుంచి:
నియమాలను పై సభ్యులు చక్కగా వివరించారు. ఆడే తీరు గురించి నా మాట కొంత చెబుతాను. సగం కోసం ఆడేవారు ఈ ఆటలో నెమ్మదిగా కరిగిపోతారు. రెండు సగాలూ దక్కే అవకాశం ఉన్న చేతినే పట్టుకోవాలి. ఆసు, ఆసు, 2, 3 ఉండి ఒక్కో ఆసుకూ దాని రంగు ముక్కే తోడుగా ఉంటే అంతకన్నా మంచి ఆరంభం లేదు. 6, 7, 8, 9 వంటి నడిమి ముక్కలు చూడడానికి ముచ్చటగా ఉంటాయి. ముఖ్యంగా రమ్మీ ఆడి ఆడి వచ్చిన మన విశాఖవాసులకు వరుస కనబడితే వదలబుద్ధి కాదు. అయితే వాటితో స్ట్రెయిట్ కుదిరే బల్లమీద సాధారణంగా వేరొకరికి లో కూడా కుదురుతుంది కనుక, గెలిచినా సగమే మిగులుతుంది.

వట్టి ఆసు, 2 మీద పందెం పెంచేముందు మరొక అపాయం కూడా చూసుకోవాలి. బల్లమీద 4, 5, 7 ఉండగా నాలుగో ముక్కగా 2 పడిందనుకోండి. మీ లో 7, 5, 4, 2, ఆసు దగ్గరే ఆగిపోతుంది. ఆసు, 3 ఉన్నవారికి మాత్రం 5, 4, 3, 2, ఆసు వస్తుంది. మీ చేతిలో 3 కూడా ఉండి ఉంటే ఆ నష్టం మీకు తగలదు. మొన్నటి మీ చేతిలో 9, రాణి దేనికీ సాయపడలేదు. అటువంటప్పుడు ఇద్దరు ఎదురాడుతూ ఉంటే పందేనికి సరిపెట్టడమే మేలు, పెంచకూడదు.

సాగర్‌నగర్ వాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఫోన్‌లో ఏదైనా యాప్‌లో డబ్బు పెట్టి సాధన చేయవచ్చునా? అలాగే, చివర్లో ఎవరు దేనికి ఆడుతున్నారో ముందుగా ప్రకటించాలని ఒక మిత్రుడు పట్టుబడుతున్నారు.

పేక పాతకాపు:
డబ్బు యాప్‌ల జోలికి వెళ్లవద్దు. ఆంధ్రప్రదేశ్ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025లో వచ్చిన కేంద్ర చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యానివైనా సరే, దేశమంతటా నిషేధించింది. రమ్మీని నైపుణ్యపు ఆటగా గుర్తించిన 1968 నాటి సుప్రీంకోర్టు తీర్పును కొందరు పోకర్‌కు కూడా అంటగడతారు గానీ, ఆ తీర్పు రమ్మీ గురించినది.

ప్రకటించే పద్ధతి నిజంగానే ఉంది. పిడికిలిలో పిక్క లేకపోతే లో, ఒకటి ఉంటే హై, రెండు ఉంటే రెండూ అని ముందే ఒప్పుకొని, అందరూ ఒకేసారి పిడికిళ్లు తెరుస్తారు. రెండూ అన్నవారు ఒక్కదానిలో ఓడినా ఏమీ దక్కదన్నది దానికి తోడుగా ఉండే నియమం. కానీ 8 హద్దుతో ఆడే ఒమాహాలో సాధారణంగా ప్రకటన ఉండదు. ముక్కలు తెరిచి, ఎవరి చేయి గెలిస్తే వారికి ఇస్తారు. మీ బృందం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది కనుక కొన్నాళ్లు అలాగే ఆడండి.