భోపాల్ కేసు తర్వాత కూడా ఫాలీ నారిమన్‌ను హక్కుల న్యాయవాది అనవచ్చా?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభం)

రంగూన్‌లో పుట్టిన పార్సీ న్యాయవాది ఫాలీ నారిమన్ 2024 ఫిబ్రవరి 21న కన్నుమూసినప్పుడు వచ్చిన నివాళులన్నీ 1975 జూన్‌తోనే మొదలయ్యాయి. ఎమర్జెన్సీ ప్రకటించగానే అదనపు సొలిసిటర్ జనరల్ పదవికి ఆయన రాజీనామా చేయడం నిజంగా గొప్ప విషయమే. అయితే 1984 భోపాల్ విషవాయువు దుర్ఘటన బాధితుల కేసులో ఆయన నిలబడింది, ఆ వాయువు లీకైన ఫ్యాక్టరీ తాలూకు యూనియన్ కార్బైడ్ కంపెనీ పక్షాన. మధ్యంతర సహాయంగా 350 కోట్ల రూపాయలు చెల్లించాలని 1987లో జిల్లా న్యాయమూర్తి ఆదేశిస్తే, హైకోర్టు దాన్ని 250 కోట్లకు తగ్గించింది. కంపెనీ ఆ మొత్తాన్ని కూడా ఒప్పుకోక సుప్రీంకోర్టుకు వెళ్లింది. 330 కోట్ల డాలర్ల దావా 1989 ఫిబ్రవరి 14న 47 కోట్ల డాలర్లకు ముగిసింది. ఇంత జరిగాక "మానవహక్కులకు అంకితమైన జీవితం" అనే మాట నాకు గొంతు దిగడం లేదు.

నల్లకోటు

కృష్ణాతీరం గారూ, మీరు కక్షిదారునీ న్యాయవాదినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. తాను పనిచేసే కోర్టులో, తన స్థాయికి తగిన ఫీజుకు వచ్చిన కేసును న్యాయవాది స్వీకరించాలని బార్ కౌన్సిల్ నియమమే చెబుతోంది. కక్షిదారు మంచివాడా కాదా అని చూసి కేసులు తీసుకునే పద్ధతే ఉంటే, నక్సలైట్లపై పెట్టిన పార్వతీపురం కుట్ర కేసు నిందితుల తరఫున పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ గారు నిలబడగలిగేవారా? పైగా 1985 చట్టంతో బాధితుల తరఫున దావా నడిపే హక్కంతా కేంద్ర ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది. ఆ 47 కోట్ల డాలర్ల రాజీకి తలూపింది ప్రభుత్వమైనప్పుడు, తప్పంతా ఎదుటి వకీలు మెడకు చుట్టడం న్యాయం కాదు.

మెట్టపల్లెవాసి

కన్నబిరాన్ గారి పోలిక ఇక్కడ అతకదని నా అభిప్రాయం. ఆ నిందితుల మీద రాజ్యం మొత్తం విరుచుకుపడింది. వారికి వకీలు దొరకడమే కష్టం. కార్బైడ్‌కు ఆ ఇబ్బంది ఏనాడూ లేదు. మీరు చెప్పిన నియమంలోనే, ప్రత్యేక పరిస్థితుల్లో కేసును నిరాకరించవచ్చనే వెసులుబాటు కూడా ఉంది కదా! దాన్ని వాడుకోవడం నారిమన్ గారికి తెలియని విద్యేమీ కాదు: గుజరాత్‌లో క్రైస్తవులపై దాడులు జరిగినప్పుడు, 1998లో, నర్మదా ఆనకట్ట కేసులో ఆ రాష్ట్ర ప్రభుత్వ వకాలత్తును ఆయనే వదులుకున్నారు. భోపాల్ గురించి మాత్రం, ఆ వయసులో పైకి ఎదగాలన్న ఆశ ఎక్కువనీ, అది కేసు కాదు విషాదమని తర్వాత అర్థమైందనీ, అప్పటికి చేపట్టిన కేసును మధ్యలో వదలలేకపోయాననీ ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. మరి గుజరాత్ కేసును మధ్యలో ఎలా వదలగలిగారు? నా అనుమానమంతా అక్కడే.

పాత దస్త్రం

ఆ తేదీల వరుసే మీకు జవాబు చెబుతుందేమో చూడండి. భోపాల్ ఒప్పందం 1989 నాటిది, గుజరాత్ వకాలత్తు వదులుకున్నది 1998లో. మొదటిదాని నుంచి నేర్చుకున్న మనిషే రెండోది చేశారని నేను అనుకుంటున్నాను. ఇక 1975 రాజీనామాను ఒక్క వాక్యంలో దాటేయడం సరికాదు. ఎమర్జెన్సీ నిర్బంధాలను సవాలు చేసిన జబల్పూర్ హెబియస్ కార్పస్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఖన్నా వేసిన ప్రశ్నకు, చట్టవిరుద్ధంగా ప్రాణం తీసినా ఎమర్జెన్సీ ఉన్నంతకాలం కోర్టు ఏమీ చేయలేదనే అర్థం వచ్చే జవాబును అటార్నీ జనరల్ నీరేన్ డే ఇవ్వవలసి వచ్చింది. ఆ సర్కారులో న్యాయాధికారిగా కొనసాగడమంటే అలాంటి వాదనకు అండగా నిలవడమే. నారిమన్ గారు దాన్ని ముందే వద్దనుకున్నారు.

కృష్ణాతీరం

1975 విషయంలో మీ మాటతో ఏకీభవిస్తున్నాను. మొదటి టపాలో నేను దాన్ని తేలిగ్గా తీసేశాను. తన తప్పును బాహాటంగా ఒప్పుకున్న న్యాయవాదులు అరుదన్నదీ నిజం. కానీ ఆ పశ్చాత్తాపం బాధితుల లెక్కలోకి చేరలేదు. పరిహారం పెంచాలని కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను (తుది తీర్పును సరిదిద్దమని కోరే చివరి అర్జీని) 2023 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. ఆ 47 కోట్ల డాలర్ల అంకె ఈనాటికీ అలాగే ఉంది.