పదిహేను వేలలో కొండలెక్కే సైకిల్: ఏది కొనమంటారు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అందరికీ నమస్కారం. బడ్జెట్ 15 వేలు. మా ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకుంటే 17. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు, బరువు 78 కిలోలు. వారమంతా స్కూలుకి వెళ్ళి రావడం, ఆదివారం మహేంద్రగిరి వైపు మట్టి రోడ్లు. 1,501 మీటర్ల కొండ మొత్తం ఎక్కేస్తానని కాదు, సగం దాకా దిగకుండా తొక్కితే చాలు. చక్రం 27.5 అంగుళాలది తీసుకోవాలా, 29ది తీసుకోవాలా? 21 గేర్లు సరిపోతాయా? సెకండ్ హ్యాండ్ అయితే ఏం చూసుకోవాలి? డిస్క్ బ్రేకు ఎలాగూ ఉండాలి కదా.

నాగావళి అక్క (రాయగడ)
తమ్ముడూ, చక్రం సంగతి తర్వాత. ఆన్‌లైన్‌లో మాత్రం కొనకు. మా అమ్మాయికి తెప్పించాను, అట్టపెట్టెలో సగం విప్పి వచ్చింది. మా వీధి చివర మెకానిక్‌ని పిలిచి బిగించమన్నాను. రెండు వారాలు తొక్కింది, "అమ్మా, హ్యాండిల్ అదోలా ఉంది, కాలు చక్రానికి తగుల్తోంది" అంటుంది. నేనేమో కొత్త కదా, అలవాటవుతుందిలే అన్నాను. చివరికి మా తమ్ముడొచ్చి చూసి తల పట్టుకున్నాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వెనక్కి తిప్పి బిగించేశాడు మహానుభావుడు, ఆ మెకానిక్! డిస్కు పట్టుకునే క్యాలిపర్ ఎడమ వైపు ఉండాల్సింది కుడి వైపుంది. అదొక్కటేనా, ఎడమ పైడలుకి మర తిరగేసి ఉంటుంది కదా, అది తెలీక కుడివైపుకే బలంగా తిప్పి క్రాంకు (పైడలు బిగించే చెయ్యి) మరలన్నీ అరగ్గొట్టాడు. క్రాంకు మార్చాల్సి వచ్చింది. అడిగితే "సైకిలే నాసిరకం అక్కా" అన్నాడు.

సునాబెడ సైక్లిస్ట్
ఇలాంటి ప్రశ్నలు చూస్తే నవ్వొస్తుంది. 21 గేర్లు చాలా అని అడగడం కాదు, వెనక పెద్ద గేరు చక్రానికి పళ్ళెన్నో లెక్కపెట్టుకోవాలి. ముందు 3, వెనక 7 గుణిస్తే 21. అందులో సగం ఒకదానికొకటి దగ్గరదగ్గరగానే ఉంటాయి. ముందు చిన్నది 24 పళ్ళు, వెనక పెద్దది 28 అనుకోండి. పైడలు ఒక చుట్టు తిరిగితే చక్రం 0.86 చుట్టు తిరుగుతుంది. అదే వెనక 34 పళ్ళుంటే 0.7. ఎక్కుడులో ఆ తేడా మోకాళ్ళకి తెలుస్తుంది. నేను దేవమాలి (1,672 మీటర్లు, ఒడిశాలో ఇదే ఎత్తు) రోడ్డు మూడుసార్లు ఎక్కాను, ఒక్కసారి కూడా కాలు కింద పెట్టలేదు. అనుభవంతో చెబుతున్నాను.

బరంపురం బుల్లోడు
మూడుసార్లూ ఫోటో పెట్టారు సార్, మాకు గుర్తే. ఒకదాంట్లో సైకిల్ వెనకాల ఆటో కూడా ఉంది.

సునాబెడ సైక్లిస్ట్
ఆ ఆటో వేరేవాళ్ళది.

జయపురం చిన్నా
డిస్క్ బ్రేకు "ఎలాగూ ఉండాలి" అన్నారు చూశారా, షాపువాళ్ళు అక్కడే పట్టేస్తారు. ఈ రేటులో వచ్చేవి చాలా వరకు తీగ లాగితే పట్టే డిస్కులే, ఆయిల్‌వి కావు. ప్లేటు కాస్త వంగిందంటే చాలు, చక్రం తిరిగినప్పుడల్లా కీచు కీచు. అదే డబ్బుకి మంచి వి-బ్రేకు (రబ్బర్లు రిమ్మును పట్టే రకం) ఉన్న సైకిల్ తీసుకుంటే మిగిలింది టైర్ల మీద పెట్టొచ్చు. రబ్బర్లు ఏ టౌన్లోనైనా దొరుకుతాయి, మీరే మార్చుకోవచ్చు. వానాకాలం బురదలో మాత్రం డిస్కుదే పైచేయి, అది ఒప్పుకుంటాను. నేను కోరాపుట్ నుంచి జయపురం ఘాటీ నెలకి రెండుసార్లు దిగుతాను. ముందు బ్రేకు మీదే నమ్మకం.

లెక్కల మాస్టారు (గుణుపురం, రిటైర్డు)
ఘాటీలో ముందు బ్రేకా! చిన్నా, పిల్లలు చదువుతారు, అలాంటివి రాయకు. ముందు బ్రేకు పట్టావంటే సైకిల్ అక్కడ, నువ్వు ఇక్కడ. యాభై ఏళ్ళుగా వెనక బ్రేకే వాడుతున్నాను, ఒంటి మీద గీత లేదు.

జయపురం చిన్నా
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, అది తప్పు. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, వెనకది తేలికైపోతుంది. తేలికైన చక్రాన్ని గట్టిగా పడితే అది ఆగదు, జారుతుంది. వాలులో వెనక బ్రేకు ఒక్కటే నొక్కుతూ వస్తే రిమ్ము చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఒకసారి మలుపులో ఆగి పొరపాటున చూపుడు వేలు ఆనించాను, బొబ్బ లేచింది.

లెక్కల మాస్టారు
ఫిజిక్సు నాకు చెబుతున్నావా?

జయపురం చిన్నా
మీరు లెక్కలే కదండీ చెప్పింది.

నాగావళి అక్క
చిన్నా, పెద్దాయనతో అలా మాట్లాడతారా? తప్పు.

సునాబెడ సైక్లిస్ట్
ఇద్దరూ సగం కరెక్టు. తిన్నగా వెళ్ళేటప్పుడు ముందు బ్రేకే ఆపుతుంది. మలుపులో, అందులోనూ గులకరాళ్ళ మీద ముందు బ్రేకు పట్టారా, ముందు చక్రమే జారిపోతుంది, ఇక లేచేది లేదు. మలుపుకి ముందే వేగం తగ్గించుకుని, మలుపులో వదిలేయాలి. నొక్కి పట్టుకోకుండా నొక్కి వదిలి, నొక్కి వదిలి రావాలి. ఒంటిని వెనక్కి, సీటు వెనకాలకి జరపాలి. మాస్టారు చెప్పే పల్టీలు చేతులు బిగుసుకుపోయి ముందుకి వాలిపోతే వచ్చేవి.

లెక్కల మాస్టారు
నేను మాట్లాడేది అనుభవం. మా రోజుల్లో రాడ్ బ్రేకు సైకిల్, వెనకాల బియ్యం బస్తా. మీ స్ప్రింగు ఫోర్కులూ అవీ లేవు.

జయపురం చిన్నా
బస్తా వెనకాల ఉంది కాబట్టే వెనక బ్రేకు పట్టింది మాస్టారూ. బరువు అక్కడుంది.

సిరోంచ పోరడు
మీ ఒడిశా కొట్లాట బాగున్నది. మాది మహారాష్ట్ర చివర, ప్రాణహిత పక్కన. గేర్లు, బ్రేకులు మాకు పెద్ద సమస్య కాదు, భూమి చదునే. మా బాధ తుమ్మ ముండ్లు. పొద్దున రెండు పంక్చర్లు, సాయంత్రం ఇంకోటి. పాత ట్యూబు నిలువునా కోసి, టైరు లోపల పరిచి, దాని మీద కొత్త ట్యూబు పెడితే చాలావరకు తగ్గినయి. కొంచెం బరువైతది, ఫర్వాలేదు. గాలి కూడా మరీ గట్టిగా కొట్టొద్దు, మట్టి రోడ్డు మీద రాళ్ళకి ఎగిరెగిరి పడతది.

బరంపురం బుల్లోడు
ఇంతకీ అడిగినాయన పారలాఖెముండి కదా, అక్కడ తుమ్మ ముళ్ళెక్కడివి?

లెక్కల మాస్టారు
పర్లాకిమిడి అనండి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు అది. ఆయన వాడుక భాష కోసం కొట్లాడింది, సవర భాష మీద పనిచేసింది అక్కడుండే. 1936లో ఒడిశాలో కలిసినంత మాత్రాన మనం పలకడం మానేస్తామా?

బరంపురం బుల్లోడు
రైల్వే బోర్డు మీద అలాగే ఉంది మాస్టారూ, నేను పెట్టిన పేరు కాదు. మా ఊరిని మీరు మాత్రం బ్రహ్మపుర్ అంటున్నారా? అనరు. సరే, సైకిల్ సంగతికి వద్దాం. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత స్టిక్కరు చూపించి పాత రేటు చెబితే గట్టిగా అడగండి. నేను అడిగాను. "అది పెద్ద సైకిళ్ళకండీ" అన్నాడు. పెద్ద సైకిళ్ళేమిటో!

మహేంద్రతనయ
అందరికీ ధన్యవాదాలు. కానీ 27.5, 29 సంగతి ఎవరూ చెప్పలేదు.

సునాబెడ సైక్లిస్ట్
మీ ఎత్తుకి 27.5. 29 రాళ్ళ మీద సాఫీగా పోతుంది, కానీ చవక సైకిళ్ళలో పెద్ద చక్రమంటే ఇంకా బరువు, వేగం అందుకోవడం కష్టం. అయినా సైజు కన్నా ఫ్రేము ముఖ్యం. నిలబడితే పై గొట్టానికీ మీకూ మధ్య రెండంగుళాలైనా ఖాళీ ఉండాలి.

సెకండ్ హ్యాండ్ అంటే మూడు చూడండి. చక్రం గాల్లోకి ఎత్తి తిప్పి, బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య సందు తగ్గుతూ పెరుగుతూ ఉందేమో గమనించండి. పైడలు చేతులు రెండూ పక్కకి ఊపండి, టకటకమంటే లోపల గోళీలు అరిగాయని లెక్క. మూడోది, వెనక గేరు డిరైలరు (గేరు మార్చినప్పుడు చైనుని పక్కకి జరిపేది) వేలాడే చిన్న అల్యూమినియం ముక్క. సైకిల్ కుడి పక్కకి పడితే మొదట వంగేది అదే. వెనక నుంచి చూస్తే గేరు చక్రాలతో సమంగా నిలువుగా ఉండాలి. వంగి ఉందా, అతి తేలిక గేరు వేయగానే చైను వెళ్ళి పుల్లల్లో పడుతుంది. నాది ఘాటీలో అలాగే పడి తొమ్మిది పుల్లలు తెగాయి.

బరంపురం బుల్లోడు
అప్పుడు ఆటో ఎక్కారా సార్?

సునాబెడ సైక్లిస్ట్
…ఎక్కాను.

జయపురం చిన్నా
వెనక సీటు కింద కూడా స్ప్రింగు ఉన్న సైకిల్ ఈ రేటులో ఎవరైనా చూపిస్తే పారిపోండి. తొక్కిన బలంలో కొంత ఆ స్ప్రింగే మింగుతుంది. ముందు షాకులు కూడా స్ప్రింగువే, బరువు తప్ప పెద్ద సుఖం లేదు.

మహేంద్రతనయ
పది రోజుల తర్వాత వస్తున్నాను. బరంపురంలో సెకండ్ హ్యాండ్ దొరికింది, 9,500. 27.5 చక్రం, వెనక 34 పళ్ళు, వి-బ్రేకులు. ఆ అల్యూమినియం ముక్క కొద్దిగా వంగి ఉందని చూపించి వెయ్యి తగ్గించాను. నిన్న మహేంద్రగిరి దారిలో మొదటి ఎక్కుడు దిగకుండా ఎక్కాను. రెండోదాంట్లో దిగాను.

ఒక్క సందేహం. పాత యజమాని తీగలు మార్చి బిగించాడట, ఎడమ చేతిది ముందు బ్రేకు అయింది. మామూలుగా మన సైకిళ్ళకి కుడిదే కదా ముందుది? మార్పించుకోవాలా, ఇలాగే అలవాటు చేసుకోవాలా?

లెక్కల మాస్టారు
ముందుది పీకేయించు.

జయపురం చిన్నా
మాస్టారూ!!